ఈస్టర్ తెల్లవారుజామున అన్నం పాట

మొన్న ఈస్టర్‌కు ఖమ్మంలో మా ఇంటి వెనక చర్చివాళ్లు తెల్లవారకముందే టపాసులు పేల్చారు. మనవరాలు చప్పట్లు కొడుతూ బాల్కనీలోకి పరిగెత్తింది. నేను మాత్రం దుప్పటి అంచు పిడికిట పట్టుకుని మంచం మీదే ఉండిపోయాను. ఆ చప్పుడు వింటే ఇన్నేళ్లయినా నాకు భద్రాచలం అడవి అంచున ఉండే మా మిషన్ బడే గుర్తుకొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ముప్పై దాటిన వయసులో, బోనకల్ నుంచి వెళ్లి అక్కడ టీచరుగా చేరాను. ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘం నడిపే బడి కాబట్టి మా పెద్దసారే గుడిలోనూ సంఘపెద్ద, టీచర్లమే ఆదివారం పాటల బృందం. ఉద్యోగమిచ్చేముందు ఆయన నన్ను లెక్కలడగలేదు, కీర్తన పాడమన్నారు. గొంతు చూసే కొలువిచ్చారని తోటివాళ్లు ఏడిపిస్తుంటే పైకి కసురుకున్నా లోలోపల మురిసిపోయేదాన్ని.

ఈస్టర్‌నాడు చీకటుండగానే హాస్టల్ పిల్లలకు తెల్లబట్టలు తొడిగి, కొవ్వొత్తులు చేతికిచ్చి, పాడుకుంటూ అడవి పక్క సమాధుల దాకా నడిపించి, ప్రభువు లేచాడని అక్కడ టపాసులు పేల్చడం మావాళ్ల ఆనవాయితీ. ఆ ఏడు అడవిలో నక్సలైట్ అన్నల కోసం పోలీసులు కూంబింగ్ చేస్తున్నారు, ఊళ్లో ఎవరి ముఖానా నెత్తురు చుక్క లేదు. ఈసారికి టపాసులొద్దని బతిమాలాను. “ఏండ్లసంది పేలుస్తున్నం, దేవుని పండుగకు భయమేందమ్మా?” అన్నారు పెద్దసారు.

మొదటి లక్ష్మీబాంబు పేలిందో లేదో, టేకుచెట్ల వెనకనుంచి కేక: “చేతులు లేపున్రి! కదిలితే కాలుస్తం!” చూస్తే చుట్టూ పోలీసుల తుపాకులు; మా టపాసును అన్నల బాంబు అనుకున్నారు. అమ్మో, ఒక్క పిల్ల బెదిరి పరుగు తీసినా ఎందరి ప్రాణాలు పోయేవో! బడిపిల్లలని, పండగని పెద్దసారు ఎంత మొత్తుకున్నా వాళ్లు నమ్మలేదు. వాళ్ల ఆఫీసరు, “చర్చోళ్లయితే పాట పాడున్రి, ఇంటం” అన్నాడు.

అందరూ నావైపే చూశారు. కొలువు తెచ్చిపెట్టిన నా గొంతే చచ్చినా పెగల్లేదు.

అప్పుడు నా కొంగు పట్టుకుని నిలబడ్డ ఒకటో తరగతి కోయపిల్ల రెండు చేతులూ జోడించింది. ఇంట్లో వాళ్ల వేల్పులను కొలుచుకునే పిల్ల, మా గుడి పాటలు దానికింకా పట్టుబడలేదు. హాస్టల్లో కంచం ముందు కూర్చుని ప్రభువుకు దండం చెబుతూ రోజూ పాడే అన్నం పాట ఒక్కటే వచ్చు, అదే ఎత్తుకుంది. వెక్కుతూ, ముక్కులు ఎగబీలుస్తూ పిల్లలంతా అందుకున్నారు. ఆ ఆఫీసరు చివరిదాకా విని, తుపాకి దించి, “జల్దీ తీస్కపోన్రి పిల్లలను, టపాసులేంది గిక్కడ!” అని కసిరి వెళ్లిపోయాడు.

ఇప్పుడా దారికి తారురోడ్డు పడిందట, పిల్లలు లేక హాస్టల్ మూతపడిందట. ఆ రోజుల భయం పోయినందుకు మన ఈడువాళ్లం సంతోషించాల్సిందే, కానీ ఆ పిల్ల ఎక్కడుందో, ఏం చేస్తోందో చెప్పేవాళ్లే లేకపోయారు. మనవరాలికి అన్నం పాట నేర్పాను. ఆకలి తొందరలో అది సగం పాడి ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. నేను మాత్రం ఈనాటికీ చివరిదాకా పాడందే కంచం ముట్టలేను.