అమ్మోరు ఎక్కడికీ పోదు

పోయిన వారం టెక్కలి కాలేజీలో పాఠం చెబుతుండగా మా ఊరి నుంచి పక్కింటాయన ఫోన్ చేశాడు. "బాబూ, మీ వదిన మరి నేదు" అన్నాడు. జీడితోటలో పిక్కలేరుతూ కూలబడిపోయిందట. పలాస ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. నేను ఇల్లు చేరేసరికి, పొద్దున ఆవిడే ఆరేసిన చీర దండెం మీద ఇంకా పూర్తిగా ఆరలేదు.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు, మీరు వినే ఉంటారు. అన్నయ్యకూ వచ్చింది. డయాలసిస్ మీద ఈడుస్తున్న మనిషికి వదిన తన కిడ్నీ ఇచ్చింది. ఎవరూ అడగలేదు. "సెరొకటి సాల్దేటి?" అంది, కొబ్బరికాయ కొట్టి చెరో చిప్ప పంచినంత తేలిగ్గా.

విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరిన రోజు, కింద కారు ఆగి ఉంది. వదిన కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, వార్డు ఊడ్చే ఆవిడ కోసం వరండాలన్నీ వెతుకుతోంది.

"పద వదినా, దారిలో అమ్మోరి గుడి మూసేస్తారు" అన్నాను.

"అమ్మోరు ఎక్కడికీ పోదు బాబూ. రేపైనా అక్కడే ఉంటాది. ఈ మనిసి మల్లీ ఎక్కడ కనబడతాది?"

చివరికి మెట్ల దగ్గర దొరికింది. వదిన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "నాను లెగనేనప్పుడు నా తల దువ్వినావు. సల్లగుండమ్మా" అంది. తరవాత చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా ఆవిడ కోసం పనసపండు మోసుకెళ్ళేది.

భక్తి లేక కాదు. శుక్రవారం అమ్మవారికి దీపం పెట్టందే మంచినీళ్ళు ముట్టేది కాదు. కానీ బస్సు దిగేటప్పుడు కండక్టరుకి కూడా "సల్లగుండు" చెప్పకుండా కదిలేది కాదు.

అన్నయ్య కోలుకున్నాక మొక్కు తీర్చాం. మేకపోతుని కోసి చుట్టాలకి భోజనాలు పెట్టాం. అన్నయ్య ప్రతి విస్తరి దగ్గరా ఆగి, "అమ్మోరే బతికించింది" అని చెప్పుకున్నాడు. వెనకాలే కూర వడ్డిస్తున్న వదిన వంక ఒక్కసారీ చూడలేదు. మా అత్త ఉండబట్టలేక, "కిడ్నీ ఇచ్చింది నువ్వు కదేటే!" అంది.

వదిన గరిటె ఆపలేదు. "నాకా దైర్నం ఇచ్చింది అమ్మోరే గదత్తా."

పొయ్యి దగ్గరికొచ్చాక మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది. ఏమిటొదినా అంటే, పొగ అంది.

పాడె ఎత్తబోతుంటే "ఒక్క నిమిసం" అన్నాడు అన్నయ్య. వదిన పక్కన చతికిలబడి, చొక్కా పైకెత్తి, ఆవిడ అరచేతిని తన పొత్తికడుపు మీది కుట్ల మచ్చకి ఆనించుకున్నాడు.

"ఊరందరికీ అమ్మోరని సెప్పుకున్నానే. నీకొక్క మాట సెప్పనేదే" అన్నాడు.

మోసేవాళ్ళు భుజాల మీద తువ్వాళ్ళతో అలాగే నిలబడిపోయారు. ఎవరూ తొందరపెట్టలేదు. అన్నయ్య ఒంటి వేడికి ఆ చెయ్యి కాసింత వెచ్చబడినట్టుంది. ఆయన దాన్ని రెండు చేతులతో ఇంకా గట్టిగా అదుముకున్నాడు.