బ్యాటరీ బాగుచేసినవాడు

నాచారంలో మా కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, పైన సారు గది. బస్సు కండక్టర్లు పట్టుకునే టికెట్ మిషన్లు చేసేవాళ్లం. తెలంగాణ ఇంకా రాలేదు. మిషన్లో బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చేది. కండక్టర్ల తిట్లు సారుకు, సారు తిట్లు మాకు.

అందులో పెద్ద వాటా నా పక్క సీటతనిది. జనగామ వైపు మనిషి. ఈ బ్యాటరీ సంగతి తేలిస్తే పర్మినెంట్ చేస్తామని తీసుకున్నారు. ఆ మాట నమ్మి రామంతాపూర్‌లో గది చూసుకుని భార్యను తెచ్చుకున్నాడు పాపం.

తేల్చాడు కూడా. మిషన్ అడుగున నడిచే సాఫ్ట్‌వేర్ కెర్నెల్. అది ‘బ్యాటరీ ఇంత ఉంది’ అని టికెట్ ప్రోగ్రాంకు సెకనుకోసారి కబురు పెట్టేది, లెక్క మారినా మారకపోయినా. కబురు వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ నిద్ర లేవాలి. ఆ లేవడంలోనే బ్యాటరీ అయిపోయేది. లెక్క మారితేనే కబురు పెట్టేలా అతను రెండు లైన్లు రాశాడు. మిషన్ సాయంత్రం డ్యూటీ దిగేదాకా బతికింది.

“రెండు లైన్లకు ఇన్ని వారాలా? మా డ్రైవర్ గూడ రాస్తడు,” అన్నాడు సారు అందరి ముందూ. మేం నవ్వాం. నవ్వకపోతే తర్వాతి వంతు మాది.

“సార్, పర్మినెంట్ సంగతి...” అన్నాడతను.

“ఏమన్న మారితే నేనే చెప్త. ఊకె లేపకు.”

మళ్లీ నవ్వులు. అతనూ నవ్వాడు, ఏం చేస్తాడు!

సోమవారం నేను ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగేసరికి అతను టిఫిన్ డబ్బాతో గేటు బయట ఉన్నాడు. “లోపలికి పంపొద్దన్నరన్నా,” అని అతనితో అంటూ వాచ్‌మన్ నేల చూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే పోయిందని సారు గదిలోకి వెళ్లి, అతన్ని ఎందుకు ఆపారని అడిగేశాను.

“బ్యాటరీ మంచిగైంది గదమ్మా. ఇంక ఆయనతోటి ఏం పని?”

“ఆ ముక్క అతనికి చెప్పాలిగా!”

“వాచ్‌మన్‌కు చెప్పిన,” అని చాయ్ అందుకున్నాడు. ఆ కిటికీలోంచి గేటు కనిపిస్తూనే ఉంది. ఛీ, ఏం మనిషి!

సీటు దగ్గర ఉంచుకున్న అతని స్వెటరు, చెప్పులు కవర్లో వేసి కిందికి తెచ్చిచ్చాను. కవరు తీసుకోలేదు.

“నా కోడ్‌ల తప్పేమన్న దొర్కిందా అక్కా?”

లేదన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని. అతని ముఖం ఇంకా వాడిపోయింది.

“ఉంటే మంచిగుండు. సరిజేస్త, ఉంచుకోమని అడుగుతుంటి.”