మూడో సీటు దగ్గర ఆగిన ప్రార్థన

రేవు పట్టణాల్లో బస్తాలు మోసే కూలీలను చూసిన రోజుల్లో నాకొక సంగతి బోధపడింది. ఎంత బలవంతుడైనా పెద్ద బరువును తన నెత్తికి తానే ఎత్తుకోలేడు, తానే దించుకోలేడు. రెండింటికీ ఇంకొకరి చెయ్యి కావాలి. ప్రార్థన గురించి పండితులు రాసిన లావుపాటి పుస్తకాలు తరువాత చాలానే చదివాను గానీ, ఆ కూలీలు చూపించినదానికి మించి ఎవరూ చెప్పినట్టు లేదు. పుస్తకాల సంగతి మొదలుపెడితే నేను ఆగను. చెప్పదలచుకున్నది మా సోర్‌వుడ్ లోయలో బడి బస్సు నడిపిన ఓమా స్టర్జిల్ గురించి.

కెంటకీ కొండల్లో బడి బస్సు డ్రైవర్లు సాయంత్రం బస్సును తమ ఇంటికే తెచ్చుకుంటారు. ఓమా బస్సు మా ఇంటికెదురుగా నిలిచేది. తెల్లవారుతుండగా ఆమె లేచి, కాఫీ గ్లాసు డ్రైవరు సీటు పక్కన పెట్టి, ఇంజను వేడెక్కేలోపు ఖాళీ బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచేది. ప్రతి సీటు వీపు మీదా చెయ్యి వేసి, అక్కడ కూర్చునే పిల్ల పేరో పిల్లవాడి పేరో చెప్పి ప్రార్థించేది. ఇరవై నాలుగు సీట్లు. ముప్పై ఒక్క ఏళ్ళు. నేను చాటుగా విన్నానని అనుకోవద్దు. ఆమె గొంతు అలాంటిది. ఆమె తరువాతే మా కోళ్ళు కూసేవి.

"ప్రభువా, ఈ కవలల నాన్న జైల్లో ఉన్నాడు. ఆ సంగతి వీళ్ళకి తెలీదని వాళ్ళమ్మ అనుకుంటోంది. వీళ్ళకి తెలుసు, నీకు తెలుసు, నాకు తెలుసు. తెలీనిది ఆమెకొక్కదానికే. ఆమెని కాస్త చూసుకో."

ఇది మొదటి సీటు. నాలుగో సీటు దగ్గర ప్రార్థన పొట్టిగా ఉండేది: "వీడి నోరైనా కట్టు, నా చెవులైనా కట్టు. నీకేది సులువైతే అది."

కొందరు దేవుడికి కచేరీలో అర్జీ పెట్టుకున్నట్టు ప్రార్థిస్తారు. ఓమాది సంతనుంచి వచ్చి సంచీలు బల్లమీద దించినట్టుండేది. ఒక్కొక్కటీ తీసి అక్కడ పెట్టేయడమే. చివరి సీటు దాటి వెనక్కి వచ్చేసరికి ఆమె మొహంలో బరువేదీ మిగిలేది కాదు. కూనిరాగం తీస్తూ హారన్ కొట్టి బయలుదేరేది. ఆమెకు పిల్లలు లేరు. భర్త ఆర్డిస్ పోయి తొమ్మిదేళ్ళు. అందుకని జాలిపడేవాళ్ళు ఆమెకంటే నవ్వేమనిషిని ఎక్కడా చూసి ఉండరు.

అరవై ఆరో ఏట ఆమె కళ్ళు మసకబారాయి. ఎదురొచ్చే లారీ దీపాలు పువ్వుల్లా విచ్చుకునేవి. వాళ్ళమ్మ షుగరు జబ్బుతో చూపు పోగొట్టుకుని పన్నెండేళ్ళు కుర్చీలో కూర్చుంది. తనకూ అదే రాసిపెట్టి ఉందని ఓమా అనుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాట వినాల్సి వస్తుందని వెళ్ళలేదు. అయితే డ్రైవర్లకు ఏటా ఆగస్టులో కంటి పరీక్ష ఉంటుంది. మా ఆసుపత్రిలో ఆ పరీక్ష చేసే నర్సు రీతా. ఆర్డిస్‌కు స్వయానా చెల్లెలు. ఆమె గోడమీద ఉన్న అక్షరాల అట్ట ముప్పై ఏళ్ళుగా మారలేదు.

మా వైపు పిల్లలకు మాటలు రాగానే బైబిలు వాక్యాలు కంఠతా పెట్టించడం అలవాటు. నాలుగేళ్ళకు ఒక కీర్తన, పదేళ్ళకు నలభై. అలా పెరిగిన మనిషికి ఎనిమిది వరసల అక్షరాలు ఒక లెక్కా? రీతా గోడమీదున్న ఆ పాత అట్టను జూలైలో ఒకసారి దగ్గరగా చూసివచ్చి ఓమా దాన్ని కీర్తనలాగే నేర్చుకుంది. ఆగస్టులో ఒక కన్ను మూసుకుని ఒకసారి, రెండో కన్ను మూసుకుని ఒకసారి, వరస చివర ఊపిరి తీసుకుంటూ, తడబడకుండా ఒప్పజెప్పింది. రీతా కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ వారం నుంచే బుధవారం ప్రార్థన కూటంలో ఓమా చెయ్యెత్తడం మొదలుపెట్టింది. మా చర్చిలో పాదిరి బ్రదర్ ఆర్విల్ ముందు మనవులు అడుగుతాడు. ఒకరు మోకాలి నొప్పి అంటారు, ఒకరు కొడుకు తాగుడు అంటారు. నోట చెప్పలేనివాళ్ళు ఊరికే చెయ్యెత్తి "చెప్పని మనవి" అంటారు. అదేమిటని అడగడం మర్యాద కాదు. ఊహించడానికి అడ్డేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో తనకోసం ఏమీ అడగని ఓమా చెయ్యెత్తేసరికి లోయ లోయంతా ఊహించింది. క్యాన్సరన్నారు కొందరు, ఆమె గుమ్మంలో ఇరుగుపొరుగుల చిక్కుడుగింజల కూర గిన్నెలు వెలిశాయి. బడి బస్సుల గరాజులో పనిచేసే వెండెల్‌ను పెళ్ళాడబోతోందన్నారు ఇంకొందరు.

"నిజమైతే నాకు ముందే చెప్పు వదినా," అంది రీతా, చర్చి మెట్లమీద. "కొత్త గౌను కుట్టించుకోవాలి."

"వెండెల్‌నా? వాడు మాట్లాడితే వాతావరణం గురించి, మాట్లాడకపోతే రేడియోలో వాతావరణం వింటాడు. నువ్వే చేసుకో."

నవ్వింది గానీ, ఇంటికెళ్ళి ఎవరిదో కూర గిన్నె ముందేసుకుని తినకుండా కూర్చుంది. ఈ సంగతి తరువాత ఆమే నాకు చెప్పింది. బస్సు పోతే పొద్దున్నే లేచి ఎవరి పేరు చెప్పాలి? అదీ ఆమె దిగులు. దేవుణ్ణి కూడా ఆమె అడిగింది చూపు కాదు, ఇంకొక్క ఏడాది. అట్ట సంగతి ఆయన దగ్గర ఎత్తనే లేదు.

అక్టోబరులో ఒక మంచు ఉదయం. బస్సు కేలీ ఇంటి ముందు ఆగింది. కేలీ మూడో సీటు పిల్ల, ఏడేళ్ళది, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. రోడ్డు పక్కన పొట్టిగా, ఎర్రగా, కదలకుండా నిలబడి ఉంది. ఓమా తలుపు తీసింది.

"ఎక్కు తల్లీ, చలిలో ఎంతసేపు నిలబడతావు?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అలిగావా ఏంటి? రా, అమ్మమ్మతో నేను మాట్లాడతాలే."

బస్సులో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. "మిస్ ఓమా, అది పోస్టు డబ్బా. కేలీకి నిన్నట్నుంచి జ్వరం." అమ్మమ్మ ముందురోజే తమ ఇంటి ఉత్తరాలకు కొత్త డబ్బా పాతించి ఎర్ర రంగు వేయించిందట. ఓమా వేళాకోళం చేసిందనుకున్నారు పిల్లలు. ఆమె కూడా నవ్వింది. డబ్బాకు బాగా చదువుకోమని చెప్పి తలుపు వేసింది. ఆ నవ్వు బడిదాకా నిలవలేదు.

మరునాడు బుధవారం. తెల్లవారుజామున ఎప్పటిలాగే ప్రార్థన వినిపించింది. కవలలు అయ్యారు. రెండో సీటు అయింది. "ప్రభువా, కేలీ జ్వరం తగ్గించు. ఈ పిల్లని రోడ్డుమీద క్షేమంగా..." అక్కడ ఆగింది. ఇంజను ఆడుతూనే ఉంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. ఆమె ఆ సీటు వీపు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ నిలబడ్డంలో ఆమెకు తట్టినది ఇది. పోస్టు డబ్బాను పిల్ల అనుకుంటే నవ్వులాట. పిల్లను పోస్టు డబ్బా అనుకుంటే? రోడ్డుమీద ఈ పిల్లకు ఏమీ కాకుండా చూడమని దేవుణ్ణి అడుగుతోంది. ఎవరివల్ల కాకుండా? తనవల్లే. రోజూ అడిగే మాటే ఎదురు తిరిగి ఆమె మొహంలోకి చూసింది. రోజూ అడగని మనిషైతే తప్పించుకునేదేమో.

బస్సు రేడియోలో గరాజు అధికారి డోయల్‌ను పిలిచింది.

"డోయల్, ఇవాళ వెండెల్‌ని పంపు."

"ఒంట్లో బాలేదా సిస్టర్ ఓమా?"

"ఒళ్ళు బాగానే ఉంది. వెండెల్‌ని పంపు."

సాయంత్రం కూటంలో ఆమె చెయ్యెత్తగానే బ్రదర్ ఆర్విల్ అలవాటుగా "చెప్పని మనవి" అని రాసుకోబోయాడు.

"కాదు బ్రదర్, ఇవాళ చెప్తాను," అని లేచింది. "ఏడు వారాలుగా చెయ్యెత్తుతున్నాను. మీకు చెప్పలేదు సరే, ఆయనకీ చెప్పలేదు. నాకు కళ్ళు కనపడ్డంలేదు. ఆగస్టులో రీతా అట్టని కంఠతా పెట్టి ఒప్పజెప్పాను. మీ పిల్లల్ని రెండు నెలలుగా గుడ్డిగా తిప్పుతున్నాను. రేపు తాళాలిచ్చేస్తాను. తరవాత పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో నాకు తెలీడంలేదు. అదీ నా బరువు. నావల్ల దిగడంలేదు."

పిల్లల తల్లిదండ్రులు సగంమంది అక్కడే ఉన్నారు. అందరికంటే ముందు రీతాకే నోరొచ్చింది.

"చదువుతున్నావా, వల్లిస్తున్నావా అని అప్పుడే అనుమానమొచ్చింది నాకు. నువ్వు అబద్ధమాడతావని ఎవరనుకుంటారు వదినా?"

"అబద్ధమేం ఆడలేదే. అట్టమీద ఉన్న అక్షరాలే చెప్పాను."

"అదే, చూడకుండా చెప్పావు."

మా చర్చిలో ఒకరు ప్రార్థిస్తే మిగతావాళ్ళు వినడం ఉండదు. అందరూ మోకరించి ఎవరి మాటల్లో వాళ్ళు ఒక్కసారే గొంతెత్తుతారు. కొత్తగా విన్నవాళ్ళకు గందరగోళం. కొంతసేపు విన్నాక వానాకాలపు వాగు చప్పుడులా ఒక్కటైపోతుంది. ఆ సాయంత్రం మొట్టమొదట మోకరించింది మొదటి సీటు కవలల తల్లి. వచ్చి ఓమా వీపుమీద చెయ్యి వేసింది. తరువాత లెక్కలేనన్ని చేతులు. వాగు మధ్యలో నాకు స్పష్టంగా వినపడింది రీతా గొంతు: "ప్రభువా, ఈమె నన్ను వెర్రిదాన్ని చేసింది. నువ్వు ఈమెని ఇప్పుడే క్షమించు. నాకు వారం టైమియ్యి, నేనూ క్షమిస్తాను." చేతుల కిందనుంచి ఓమా నవ్వు వినిపించింది, ఏడుపుతో కలిసి.

మర్నాడు డోయల్ తాళాలు తీసుకున్నాడు. "పైవాళ్ళకి రాయాల్సింది నేను రాస్తాను సిస్టర్ ఓమా. కళ్ళు బాగైతే బస్సుకి రా. బాగవకపోతే కాఫీకి రా," అన్నాడు.

రీతాకు వారం పట్టలేదు. శుక్రవారమే వదినను కారెక్కించి లెక్సింగ్టన్ తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు దీపం వేసి చూసి, షుగరు కాదు, శుక్లాలు అన్నాడు, తీసేస్తే పోతాయన్నాడు. ఓమా ఆయన్ని మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన విసుక్కున్నాడట. తిరిగొచ్చే దారంతా ఆమె పాడుతూనే ఉందని రీతా ఫిర్యాదు. నవంబరులో ఒక కన్ను, డిసెంబరులో రెండోది. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయడానికి రీతా వచ్చేది.

రెండో కట్టు విప్పిన రోజు ఓమా ఆమెను ఎగాదిగా చూసింది.

"నువ్వెప్పుడు ముసలిదానివయ్యావే?"

"నీ చుక్కలు వేస్తూనే."

జనవరి పరీక్షకు రీతా కొత్త అట్ట తెప్పించి, వేళకు పది నిమిషాల ముందుదాకా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఓమా నెమ్మదిగా చదివింది. చివరి వరసలో ఒక అక్షరం దగ్గర తడబడి, తప్పు చెప్పి, దిద్దుకుంది. రీతా తృప్తిగా సంతకం పెట్టింది. వల్లించేవాళ్ళు తడబడరు, చూసేవాళ్ళే తడబడతారు.

మొదటి సోమవారం పిల్లలు ఎక్కుతూనే వెండెల్ మీద చాడీలు చెప్పారు. మూడు నెలలు వాళ్ళకు వాతావరణం తప్ప ఇంకేమీ వినిపించలేదట. బస్సు లోయ మలుపు దాటి పైకి వచ్చింది. అక్కడ ఎండ పడి మంచుకింద కొండ నీలంగా ఉంది. ఓమా దీపాలు వేసి రోడ్డు పక్కకు ఆపింది. పిల్లలు ఆమెనూ కొండనూ మార్చి మార్చి చూశారు. నిమిషాలు గడిచాక రేడియో గురగురమంది.

"సిస్టర్ ఓమా, ఎక్కడున్నావు? ఆగిపోయావేంటి?"

"చూస్తున్నాను డోయల్."

"ఏంటి?"

"కొండ."

"ఆ కొండ ఎప్పుడూ అక్కడే ఉందిగా."

"ఉందటగా," అంది ఓమా. "పదకొండు నిమిషాలు ఆలస్యమని రాసుకో."