నోటికి అడ్డం పెట్టిన చేయి

బార్డోలీ నుంచి సూరత్ వచ్చే బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీట్లోని మనిషి "మనోళ్లేనా అక్కా?" అని పలకరించాడు. మరమగ్గాల కార్ఖానాలో పని అన్నాడు. మాట్లాడినంతసేపూ అరచేయి నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. పంటినొప్పేమో అనుకుని అడిగాను.

"లేదక్కా, అలవాటైంది. కార్ఖానాల సాంచాల చప్పుడుకు ఏం ఇనవడది. పెదాలు జూసే మాట్లాడుకుంటం. సంఘం పెడదామని గూడ గట్లనే అనుకున్నం. సేఠ్ మాలోనే ఒకన్ని కెమెరా టీవీ ముంగట కూసోవెట్టి, పెదాలు జూపిచ్చి ఎవలేమంటున్నరో చెప్పిచ్చుకున్నడు. సంఘం మాట ఎత్తినోన్ని తెల్లారి గేటు లోపటికి రానియ్యలే."

"మీ సరుకు కొనే కంపెనీలు అడగవా?"

"మొన్న వచ్చిండ్రు. సంఘం పెట్టుకోనిస్తరా అని అడిగిండ్రు. సేఠ్ పక్కకే నిలబడ్డడు. అందరం పెట్టుకోనిస్తరనే అన్నం."

నాకు ఒళ్లు మండింది. "ఆ టీవీ ముందు కూర్చున్నవాణ్ణి ఊరికే వదిలేశారా?"

"వాడెవడో ఎవలకు తెల్వదక్కా."

పాండేసరలో దిగి, నా కిటికీ కిందికొచ్చి నిలబడ్డాడు. మొదటిసారి నోటి మీంచి చేయి తీశాడు. పెదాలు కదపలేదు. ఆ చేత్తోనే గుండెల మీద తట్టుకుని, తనే అన్నట్టు తలాడించాడు. బస్సు కదిలింది.

మా బ్యాంకులో యూనియన్ మీటింగు తలుపులు తీసిపెట్టుకునే జరుగుతుంది. అయినా నేను మాట్లాడేటప్పుడు ఎవరైనా నా పెదాల వైపు చూస్తే, మాట మధ్యలోనే ఆగిపోతుంది.