డొబ్రిలా తన మీద తానే తలుపేసుకున్న రోజు

డొబ్రిలా కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా ఊరు క్న్యాజెవాట్స్‌లో లేరు. భోజనం బల్ల దగ్గరైనా సరే, ఒక చెయ్యి ఫోను మీదే. లైబ్రరీలో ఆమె ఉద్యోగం పేరుకు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం. అసలు పని నేలమాళిగలో ఉన్న సర్వరును బతికించడం. బడి సైటు, నీళ్ళ శాఖ సైటు, ఊరి వార్తల సైటు అన్నీ దాని మీదే. నీళ్ళు రాకపోతే కుళాయిని తిట్టే జనం, సైటు తెరుచుకోకపోతే మాత్రం నేరుగా డొబ్రిలానే తిడతారు.

వార్తల సైటు అన్నాను గానీ, అందులో వార్తలు చదివేవాడు లేడు. చావు ప్రకటనలు చదువుతారు. పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, అది పొంగేలోగా ఎవరు పోయారో, ఎన్నింటికి పూడుస్తారో చూసుకుంటారు. స్తంభాలకు అంటించే నల్ల అంచు కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి, కానీ చలికాలంలో వాటి దాకా నడిచేదెవరు?

సర్వరు పనిలో ఆమెకు పట్టింపులెక్కువ. పక్క ఊళ్ళ లైబ్రరీలవాళ్ళు ఫోను చేస్తే విసుక్కుంటూనే చెప్పేది: "బ్యాకప్ తీశానని మురిసిపోకండి. వేరే మెషీన్లో ఎక్కించి, తెరిచి చూశాకే తీసినట్టు లెక్క. ఏ ఫైలు మార్చినా ముందు పాతది పక్కన దాచుకోండి. ఫైర్‌వాల్ ముట్టుకుంటే మాత్రం, కాసేపటికి పాత నియమాలు వాటంతటవే తిరిగొచ్చేలా అలారం పెట్టుకోండి. లేకపోతే మీ ఇంట్లో మీరుంటారు, సర్వరు లోపల అదుంటుంది, మధ్యలో తలుపుండదు."

నికోలా సాధువు పండుగ వచ్చింది. మా ఊళ్ళో సగం ఇళ్ళకు ఆయనే ఇంటి దేవుడు, మిగతా సగం ఆ ఇళ్ళకు అతిథులు. పిలుపులు ఉండవు, తలుపులు తీసే ఉంటాయి. అందరూ బల్లల చుట్టూ ఉంటారు, సైటు ఎవరికి కావాలి అనుకుని డొబ్రిలా ఆ రోజునే అప్‌గ్రేడ్‌కు ఎంచుకుంది. ఆ తెలివే కొంప ముంచింది.

ఇంటి నుంచే బ్యాకప్ తీసింది, తెరిచి చూసుకుంది. కొత్త వెర్షన్ ఎక్కింది. ఇక సర్వరు గుమ్మం కాసే ఫైర్‌వాల్ నియమాలు కొత్తగా రాయడమే మిగిలింది. ఎవరూ చూడని రోజున అలారం ఎందుకులే అనుకుని అమలు చేసేసింది. తెర బిగుసుకుపోయింది. ఎవరిని రానివ్వాలో చెప్పే వరస మరిచిపోయి, ఇంకెవరినీ రానివ్వొద్దనే చివరి వరస మాత్రం రాసింది. సర్వరు చెప్పిన మాట విని, ఆమెతో సహా ఊరందరినీ బయటికి నెట్టింది.

అంతలోనే ఫోను మోగింది. వీధి చివర గడియారాలు బాగుచేసే టిహొమిర్. ఆయన భార్య కొసారా ముందురోజే పోయింది. ప్రకటన ఆ పొద్దున, ఊళ్ళో కాఫీలు అయిపోయాక, డొబ్రిలానే పెట్టింది.

"అమ్మా, మా కొసారా ప్రకటన కనబడట్లేదు. నాకు ఫోను చూడ్డం చేతకావట్లేదా, ఏమన్నా అయిందా?"

"నీ ఫోను బానే ఉంది బాబాయ్. తప్పు నాదే. సరిచేస్తా."

"ప్రింటింగువాడు పండగని కొట్టు తియ్యలేదు. స్తంభానికి అంటించడానికి కాగితం ముక్క లేదు. రెండింటికి పూడుస్తున్నాం. ఊరందరికీ సూదులేసిన మనిషమ్మా. పెట్టె వెనక నేనొక్కణ్ణే నడవాలా?"

డొబ్రిలా కోటు సగం తొడుక్కుని పరుగెత్తింది. ఇప్పుడు నేలమాళిగలోకి దిగి, సర్వరు ముందే కూర్చుని సరిచేయాలి. తాళంచెవి వాచ్‌మన్ స్వెటోజార్ బెల్టుకు వేలాడుతుంది. ఫోను చేస్తే ఆయన ఇంట్లోవాళ్ళు ఎత్తారు: ఫోను ఇంట్లోనే వదిలేసి, రొట్టెలు కాల్చే రడివోయే ఇంటికి పండుగకు వెళ్ళాడట.

పండుగ ఇంట్లో అడుగుపెట్టాక ఉడికించిన గోధుమలు నోట్లో వేసుకుని, ఒక గుక్క వైను తాగాలి. అది కాదని గుమ్మం దాటితే ఇంటివాళ్ళ మొహాన కొట్టినట్టే. డొబ్రిలా నిలబడే మింగింది.

"ఏంటే, నిప్పుల మీద నించున్నట్టు?" అంది రడివోయే భార్య. "కూర్చో. చేప వేడిగా ఉంది."

"కూర్చోలేను వదినా. స్వెటోజార్ బాబాయ్ ఏడీ? కొసారా పిన్ని పోయింది, రెండింటికి పూడుస్తున్నారు. నా వల్ల ప్రకటన ఆగిపోయింది."

బల్ల దగ్గర అందరూ ఇటు తిరిగారు. "కొసారానా?" అన్నారెవరో. రడివోయే గ్లాసు కింద పెట్టి, "వాడిప్పుడే డ్రాగుటిన్ ఇంటికి పోయాడు" అన్నాడు.

డ్రాగుటిన్ ఇంట్లో మళ్ళీ గోధుమలు, మళ్ళీ వైను, మళ్ళీ అదే మాట. అక్కణ్ణుంచి పశువుల డాక్టరు ఇంటికి. చివరికి అక్కడ దొరికాడు, కళ్ళు మూసుకుని పాట పాడుతూ.

"తాళంచెవి, బాబాయ్."

"ఆగవే అమ్మాయ్. సర్వరుకి మాత్రం పండగొద్దా?"

"దానికి పండగ నేను చేసేశా. ముందు నువ్వు లే." కొసారా సంగతి చెప్పగానే ఆయన పాట మానేసి బెల్టు విప్పడం మొదలుపెట్టాడు.

నేలమాళిగలో డొబ్రిలా నిలబడే కీబోర్డు అందుకుంది. మరిచిన వరస రాసింది. రాసినదాన్ని ముందు పరీక్షించింది. అలారం పెట్టింది. అప్పుడు అమలు చేసింది. సైటు తెరుచుకుంది. తెల్ల టోపీలో కొసారా నవ్వుతూ కనిపించింది. కానీ రెండు కావస్తోంది. తింటూ తాగుతూ ఉన్నవాళ్ళు ఇప్పుడు ఫోను ఎందుకు చూస్తారు? ఆమె తనను తాను తిట్టుకుంటూ శ్మశానానికి నడిచింది.

గేటు దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. దారి నిండా జనం. పండుగ బట్టల మీద కోట్లు, కోట్లకు చేప వాసన. రడివోయే ఇంటివాళ్ళు, డ్రాగుటిన్ ఇంటివాళ్ళు, డాక్టరు ఇంటివాళ్ళు, వాళ్ళ అతిథులు వెళ్ళి చెప్పిన ఇళ్ళవాళ్ళు. టిహొమిర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చూశావా అమ్మా, నీ సైటు చూసి ఎంతమంది వచ్చారో."

రడివోయే భార్య ఏదో అనబోయింది. డొబ్రిలా ఆమె కాలు తొక్కి, "అవును బాబాయ్" అంది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఒక పని మిగిలింది. అప్‌గ్రేడ్ పూర్తి కావాలంటే సర్వరును రీస్టార్ట్ చేయాలి. చేసేముందు సైటులో ఎవరున్నారో చూడటం ఆమె అలవాటు. ఊరు మళ్ళీ బల్లల దగ్గరికి చేరినట్టుంది, ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ కొసారా ప్రకటన మీదే ఉన్నారు. ఫోటో తెరుస్తున్నారు, మూస్తున్నారు, మళ్ళీ తెరుస్తున్నారు. ప్రకటన కింద, చూసినవాళ్ళు పేరు రాసి దీపం బొమ్మ వెలిగించే చోట ఒకటే దీపం ఉంది. దాని పక్కన టిహొమిర్ అని ఉంది.

రీస్టార్ట్ చేస్తే కొన్ని నిమిషాలు పేజీ పోతుంది. ఆమె వేలు మీట మీద ఉంది. డొబ్రిలా వేలు తీసేసింది, కుర్చీలో వెనక్కి వాలింది. టీ చల్లారిపోయేదాకా కదలకుండా కూర్చుని మళ్ళీ చూసింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ రోజుకు సర్వరును అలాగే వదిలేసింది.