నళిని గారి స్కపర్‌నాంగ్ పరీక్షలు

మోరిస్‌విల్‌లో మా ఎదురింటి నళిని గారు ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. వైన్ చుక్క ముట్టరు. అయినా స్కపర్‌నాంగ్ వైన్‌తో ఏం తింటే బావుంటుందో మా వీధిలో అందరూ ఆవిడనే అడుగుతారు.

పోయిన సెప్టెంబర్‌లో భర్త హరనాథ్ గారు ద్రాక్షతోట చూద్దామంటే ఆవిడే డ్రైవ్ చేశారు. గంట ప్రయాణం. స్కపర్‌నాంగ్ అమెరికాలో మేముండే ఈ రాష్ట్రంలోనే పుట్టిన ద్రాక్ష. పెద్ద గోళీకాయంత ఉంటుంది, పచ్చగా, కాస్త రాగిరంగు తిరిగి. తోలు మందం. గుజ్జు పీల్చుకుని తోలు ఊసేయాలి. నళిని గారు ఒకటి తిని, గ్లాసులో వైన్ వాసన చూసి, "బాగా ముగ్గిన జామపండు" అని తేల్చేశారు.

తోట యజమాని డోరతీ వైన్‌తో పాటు చీజ్ ముక్కలు పెట్టింది. హరనాథ్ గారు రెండూ కలిపి రుచి చూశారు.

"ఎలా ఉందండీ?"

"పాయసంలో వెన్న కలిపినట్టుంది."

"ఉండండి" అని నళిని గారు కార్‌లోంచి లంచ్ డబ్బా తెచ్చారు. మిరియాలు దట్టించిన రొయ్యల వేపుడు. హరనాథ్ గారు ఒక రొయ్య తిని, ఒక గుక్క తాగి, మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టారు. డోరతీ కూడా ఒకటి తీసుకుంది. కారానికి కళ్లనీళ్లొచ్చాయి. తియ్యటి వైన్ తాగి కుదుటపడి, ఇంకోటి అడిగింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం నళిని గారు వండటం, హరనాథ్ గారు రుచి చూడటం. ఉల్లి పకోడీ పాసైంది. గోంగూర ఫెయిలైంది, ఆ పులుపు ముందు వైన్ ఉత్త చక్కెర నీళ్లయిపోయింది. చేపల పులుసూ తప్పింది కానీ, దానికి ఇంకో ఛాన్స్ ఇవ్వాలన్నారు హరనాథ్ గారు.

"చేప కోసమా, గ్లాసు కోసమా?"

"సైన్స్ కోసం!"

నవంబర్‌లో డోరతీ తోటకి ముప్పై మందిని పిలిచి నళిని గారి చేత రొయ్యలు వేయించింది. ఒకాయన గ్లాసు తిప్పుతూ అడిగాడు:

"మీకు ఈ వైన్‌లో ఏయే రుచులు తెలుస్తాయి?"

"నేను తాగను."

"మరి ఏది కుదిరిందో ఎలా చెబుతారు?"

"మా ఆయన మొహం చూసి."

అందరూ అటు తిరిగారు. నోటినిండా రొయ్యలున్న హరనాథ్ గారు గంభీరంగా తలూపారు.

అరగంటలో వేపుడు అయిపోయింది. డోరతీ ఏప్రన్ కట్టుకుని తనే మూకుడు ముందు నిలబడితే, నళిని గారు పక్కనుంచి "ఇంకొంచెం మిరియాలు, భయపడకు" అంటూ రెండో వాయి వేయించారు.

తిరిగొచ్చేటప్పుడు నళిని గారు కాళ్లు పీకుతున్నా దారంతా కూనిరాగం తీస్తూనే ఉన్నారట. పక్క సీట్లో హరనాథ్ గారు హాయిగా గుర్రు పెట్టారు.