అక్క అత్తగారింటి దారిలో మూడు కోటలు

మొన్న నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆటో కోసం నిలబడి ఉంటే, బంతిపూల దండలు చుట్టుకున్న పెళ్లికారు ఒకటి నన్ను రాసుకుంటూ పోయినంత పని చేసింది. నలిగిన బంతిపూల వాసనలో పెట్రోలు వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి, యాభై దాటిన ఈ వయసులో కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. తప్పు నాది కాదు. నేను మొట్టమొదట కారెక్కిన రోజు మా ఊరు ఎడపల్లి నుంచి మెదక్ దాకా ఆ రెండు వాసనల మధ్యనే కూర్చున్నాను. అది మా అక్క అత్తగారింటికి పోయిన రోజు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మాఘమాసం, చెరుకు కొట్టే కాలం. బోధన్ ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు మా ఇంటి ముందు నుంచి బారులు తీరి పోతుంటే, వెనక నుంచి గడలు గుంజి, మోకాలికేసి విరిచి, పెదాలు చీరుకుపోయేదాకా నమలడమే మా పిల్లలకు పని. గాలి ఇటు తిరిగితే ఊరంతా పాకం మాడిన వాసన. ఆ వాసనలోనే పందిరి పడింది, ఆడవాళ్లంతా తెల్లగుడ్డల మీద సకినాలు చుట్టారు, అక్క పెళ్లయింది. మా వైపు కొత్త పెళ్లికూతురిని ఒంటరిగా పంపరు. చెల్లెలో తమ్ముడో వెంట పోయి, బెరుకు తీరేదాకా కొన్నాళ్లు తోడుండి రావాలి. సకినాల డబ్బా కూడా వెంట వస్తుందని ఖాయం చేసుకున్నాకే నేను ఒప్పుకున్నాను.

మగపెళ్లివారు వ్యానులో ముందే వెళ్లిపోయారు. డబ్బా కూడా ఆ వ్యానులోనే పోయిందని నాకు తర్వాత తెలిసింది. కిరాయి అంబాసిడర్‌లో వెనక అక్క, బావ, ఇద్దరి నడుమ నేను. ముందు డ్రైవర్ ఖాజాభాయ్. అవ్వ, అంటే మా అమ్మ, పోసిన ఒడిబియ్యం కొంగులో ముడేసుకుని, అక్క ఆ ముడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మా నాన్న తల్లి బాపమ్మ కిటికీలోంచి తల దూర్చి, "దీపాలు పెట్టకముందే అత్తగారి గడప దాటుండ్రి. తొవ్వల పాత కోటలల్ల, గడీలల్ల కాలు పెట్టకుండ్రి, పసుపు బట్టలకు గాలి సోకుతది" అని దారి జాగ్రత్తలు మరీ మరీ చెప్పింది.

అక్క అప్పటికింకా బావ ముఖం సరిగ్గా చూడనే లేదు. పెళ్లిచూపులనాడు తల ఎత్తలేదు, పీటల మీద తలంబ్రాలు కళ్లలో పడ్డాయి. దారి పొడవునా ఏడుస్తూనే వచ్చింది. నిజామాబాద్‌లో గుట్ట మీది కోట కనపడగానే నా తొడ గట్టిగా గిల్లి, "కోట సూస్త అను" అని చెవిలో ఊదింది. నొప్పికి నేను ఊరంతా వినపడేలా "కోట సూస్తా!" అని అరిచాను. బావ నవ్వి కారు ఆపించాడు. రఘునాథుడి గుడి మెట్లెక్కాం, చల్లటి మండపంలో కూర్చున్నాం. అందరూ దేవుణ్ణి చూస్తే అక్క మాత్రం ఎడపల్లి ఎటువైపో వెతుక్కుంది.

ఇందల్వాయి అడవిలో మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. అది దాటి, కామారెడ్డి దాటాక రెండో గిల్లుడు పడింది. ఈసారి దోమకొండ గడీ, దొరల కోట. దానికోసం పెద్దరోడ్డు దిగి పక్కకు పోవాలి. ఖాజాభాయ్ గొణిగాడు, బావ పోనిమ్మన్నాడు. అప్పట్లో ఆ గడీ పాడుబడి ఉండేది. ఎత్తైన రాతిగోడ, లోపల పిచ్చిచెట్లు, అద్దాల మేడ అంటే అద్దాలుంటాయని ఆశపడితే గబ్బిలాల కంపు. అక్క మాత్రం పక్కనున్న పెళ్లికొడుకును తప్ప ప్రతి స్తంభాన్నీ తేరిపార చూసింది. ఎంత ఆలస్యమైతే ఆ గడప అంత దూరంగా ఉంటుందని ఆమె ఆశ. పాపం, పందొమ్మిదేళ్ల పిల్ల. నాకది అర్థమయ్యే వయసా? నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

మెదక్ చేరేసరికి పొద్దు వాలింది. ఊరి మీదికి ఒరిగినట్టున్న కోట కనపడింది, మూడో గిల్లుడూ పడింది. నా నోట్లో నువ్వుగింజ నానదని బాపమ్మ ఊరికే అనలేదు.

"నాకు ఏ కోటా వద్దు! ఆకలైతాంది! అక్కనే గిల్లుతాంది బావా, సూడు!" అని పరికిణీ పైకెత్తి ఎర్రటి మచ్చ చూపించాను.

అక్క తల ఇంకా కిందికి వంగింది, కన్నీళ్లు ఒడిబియ్యం ముడి మీద పడ్డాయి. బావ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఆపు భాయ్. నాకే సూడాల్నుంది" అన్నాడు.

"మీ ఊరి కోటనే గద సాబ్, ఎన్నిసార్లు సూడలే?"

"ఇంకోసారి సూస్త."

గుట్ట కింద ఉడకబెట్టిన పల్లికాయలు కొని నా ఒళ్లో పోసి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని దర్వాజాలన్నీ దాటించాడు. పైన గాలి. ఎదురుగా చర్చి గోపురం, కింద పొయ్యిల పొగ. బావ ఒక రాయి మీద కూర్చుని, "గా కాల్వ పక్కన పెంకుటిల్లు మనది. నీకు ఎప్పుడు పోవాల్ననిపిస్తె అప్పుడే పోదాం" అన్నాడు. అక్క తల ఎత్తి మొదటిసారి అతణ్ణి చూసింది. కింద ఇళ్లలో ఒక్కొక్కటే దీపం వెలుగుతోంది. అతను లేవలేదు, తొందర పెట్టలేదు. నా పల్లికాయలు అయిపోయిన చాలాసేపటికి అక్కే లేచి, కొంగు సర్దుకుని, "ఇగ పోదాం. అత్తమ్మ ఎదురుసూస్తుండొచ్చు" అంది.

హారతిపళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడ్డ అత్తమ్మ, దీపాలు పెట్టినంక వస్తారా అని మండిపడింది. టైరు పంచరైందని బావ చెప్పాడు. ఖాజాభాయ్ తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. అక్క కుడికాలు పెట్టి గడప దాటింది.

ఇప్పుడు బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు బండ్లు లేవు, పాకం వాసన రాదు. పెద్దరోడ్డు ఊళ్లను తప్పించుకుని పోతుంది. దోమకొండ గడీని బాగుచేశారంటారు, నేనింకా చూడలేదు. పెళ్లికూతురి వెంట తోడుగా పిల్లల్ని పంపడమూ పోయింది, వాళ్లకు పరీక్షలు.

నిరుడు అక్క చిన్నకూతురి పెళ్లి మెదక్‌లోనే ఫంక్షన్ హాల్లో చేశారు. అత్తగారిది హైదరాబాద్. కారు కదిలేముందు, గడ్డం తెల్లబడ్డ మా బావ కిటికీ దగ్గర వంగి అల్లుడితో, "మెల్లగ పోండ్రి బిడ్డా. అది ఏడ ఆపుమంటె గాడ ఆపు" అన్నాడు.

పిల్లవాడు మంచివాడే. ఫోన్‌లో దారి చూసుకుంటూ, "ఎక్కడా ఆగే పనిలేదు మామయ్యా, రెండు గంటల్లో ఇంట్లో ఉంటాం" అన్నాడు వినయంగా.

కారు వెళ్లిపోయింది. నల్లద్దాల వెనక పిల్ల ముఖం మాకు కనపడలేదు. అందరూ లోపలికి పోయినా బావ రోడ్డు మీదే నిలబడ్డాడు. అక్క వెళ్లి పక్కన నిలబడితే ఆమెతో అన్నాడు:

"దాని భయం తీరేటంత తొవ్వ లేదే."